వెదురు మీద పసుపు గుడ్డ

రంగూను, 1851 మార్గశిరం

ప్రియమైన అన్నయ్య అప్పలరాజుకి,

తమ్ముడు బంగారరాజు నమస్కారాలు. ఇక్కడి అధికారి ఇద్దరు తెల్ల కెప్టెన్లకు జరిమానా వేశాడు. దానికి దొరలు యుద్ధనావలు తెచ్చి ఏటి మొగలో నిలబెట్టారు. నా పడవ పని ఆగిపోయింది. నీ మరదలికి ఇప్పుడు అయిదో నెల. ఈ బర్మా పిల్లనీ, మామగారినీ వదిలి రాలేను. ఓడల్లో తిరిగేవాడివి, నిజం చెప్పు. యుద్ధం వస్తుందా?

మన ఇంటి వెదురుకి అమ్మ నా పసుపు గుడ్డ ఉంచిందా? సముద్రం దాటినవాడు మళ్ళీ గడప తొక్కేదాకా దింపకూడదంటుంది కదా.

నీ తమ్ముడు,
బంగారరాజు

అంతర్వేది, 1852 మాఘం

ప్రియమైన బంగారానికి,

ఓరి పిచ్చివాడా, జరిమానా కోసం ఊళ్ళు కాలుస్తారా? దొరలకీ మీ రాజుకీ మాటపట్టింపు, చల్లారుతుంది. అయినా నా మనసు ఊరుకోలేదు. మీ ఏటి ఇసుకమేటలు తెలిసి దారి చూపే సరంగు కావాలని దొరలు అడిగితే యుద్ధనావ ఎక్కడానికి ఒప్పుకున్నాను. నేను కాకపోతే ఇంకొకడు వెళ్తాడు. నేనుంటే నీ ఇల్లు దక్కుతుంది. "పసుపు గుడ్డ కట్టిన ఇల్లు మా తమ్ముడిదండీ, అటు పేల్చకండి" అని ఓడ దొరకి చెప్పాను. సరేనన్నాడు. ఎత్తుగా కట్టు.

ఇక్కడ నీ గుడ్డ వెలిసిపోయిందని అమ్మ మొన్ననే కొత్తది కట్టింది.

ఆశీస్సులతో,
అప్పలరాజు

రంగూను, 1852 వైశాఖం

అన్నయ్యకి,

గుడ్డ కట్టాను. ఎందుకని ఇరుగుపొరుగు అడిగితే, గుడ్డ ఉన్న ఇంటిని దొరలు పేల్చరని దాచలేక చెప్పేశాను. అందరూ పసుపు అడిగి పట్టుకెళ్ళారు. వీధిలో నలభై గుడ్డలు లేచాయి. అవి సైన్యం జెండాలనుకుని పేల్చారట. చివరనున్న మా ఇల్లు మిగిలింది. మామగారు తన ఇంటి దగ్గర, తన గుడ్డ కిందే కూర్చుని పోయారు. ఆడపిల్ల పుట్టింది. తల్లి ఇంకా ఏడుపు మానలేదు.

ఓడకి దారి చూపింది ఎవడని ఊరంతా అడుగుతోంది. నేను చెప్పలేదు, చెప్పను. కానీ నువ్వు నా గడప తొక్కొద్దు, నేను నీ గడప తొక్కను. నా గుడ్డ దింపెయ్యమని అమ్మకి చెప్పు.

బంగారరాజు

అంతర్వేది, 1852 ఆషాఢం

ప్రియమైన బంగారానికి,

ఓడ మీంచి నలభై గుడ్డలూ చూశాను. "అన్నీ మావాళ్ళవేనండీ" అని దొర కాళ్ళు పట్టుకున్నాను. "ఒక్కటే అన్నావుగా" అన్నాడు. అవును, ఒక్కటే అన్నాను. అప్పుడు నాకు నీ ఇల్లొక్కటే కనబడింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "వాడు బతికే ఉన్నాడు కదా, దింపను" అంది. మర్నాడు చూస్తే వెదురు మీద రెండు గుడ్డలున్నాయి. రెండోది ఎవరిదని అడిగాను.

"నీదే నాయనా. నువ్వూ ఇంకా ఇంటికి రాలేదు" అంది.

నీ అన్న,
అప్పలరాజు