షట్టర్ తాళం

మార్చి 6
లాయరుగారు ఫోన్ చేశారు. రేపు తీర్పట. ఆరేళ్ల కేసు. మా ఆయన ఉంటే ఈపాటికి రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించి, ఏది వేసుకోవాలో నన్నడిగి నా ప్రాణం తీసేవారు.

మార్చి 7, మధ్యాహ్నం
గెలిచాం.
రోడ్డు వెడల్పు పేరుతో మా బైండింగ్ షాపు తీసుకోవడం చెల్లదని హైకోర్టు చెప్పింది. ప్రజల అవసరానికి సర్కారు ఎవరి స్థలమైనా తీసుకోవచ్చు గానీ, ముందు నోటీసిచ్చి ఆ మనిషి మాట వినాలట. మా మాట ఎవరు విన్నారు? ఆ రోడ్డూ రాలేదు. నాలుగు వారాల్లో స్థలం వెనక్కివ్వాలని ఆర్డర్.
లాయరుగారి లా పుస్తకాలన్నీ మా షాపులో బైండ్ అయినవే. ఈనాటికీ ఒక్కదానికీ కుట్టు ఊడలేదమ్మా అన్నారు. ఆ మాటకి ఏడుపు ఆగలేదు. గెలిచి ఏడుస్తావేంటని కోర్టు బెంచీ మీద పక్కావిడ అడిగింది. ఈ కబురు వినాల్సిన మనిషి రెండేళ్ల క్రితమే పోయారు.

మార్చి 8
ఏమీ తోచలేదు.

మార్చి 11
ఎవరికీ చెప్పని మాట. ఇక్కడైనా రాస్తాను.
ముప్పై ఏళ్లు రోజూ సాయంత్రం షట్టర్ దించి, గచ్చులోని ఇనుప రింగుకి తాళం వేసేది నేనే. ఆయన చేతుల నిండా జిగురు. వీధి మలుపు దాకా వచ్చాక, తాళం వేశావా అనేవారు. వేశానన్నా నమ్మకం లేదు. వెనక్కి వెళ్లి రెండుసార్లు లాగి చూసేవారు. నాకన్నా ఆ తాళమంటేనే మీకు ప్రేమ అని దెప్పేదాన్ని.
ఆరేళ్ల క్రితం షాపు కూల్చిన రోజు ఆయన జ్వరంతో మంచం మీదున్నారు. సామాను బయటికి చేర్చి వచ్చేశాను. కాసేపట్లో మిషన్ వచ్చి పడగొట్టేదానికి తాళమెందుకు? ఇంటికొస్తే ఆయన మొదటి మాట అదే. వేశానన్నాను. తాళం నా సంచిలోనే ఉంది.
తర్వాత నాలుగేళ్లు బతికారు. మళ్లీ అడగలేదు. ఎంత విసుక్కునేదాన్నో ఆ మాటకి. ఇంకొక్కసారి అడిగితే బాగుండు.

మార్చి 29, ఉదయం పది
స్థలం అప్పగించారు. గోడల్లేవు, కప్పు లేదు. పాత గచ్చు, దాన్ని కప్పేసిన పిచ్చిమొక్కలు.
గుమాస్తా ఫారం తెరిచాడు. అందులో తాళంచెవి ముట్టిందా అని ఒక గడి. తలుపే లేదు కదా నాయనా అన్నాను. గడి ఖాళీగా ఉంటే ఫైలు వెనక్కి తిప్పి పంపుతారమ్మా అని తల గోక్కున్నాడు. సంచిలోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాను. అతను రెండు చేతులతో నాకే తిరిగిచ్చాడు. ఇద్దరమూ నవ్వలేదు. ముట్టినట్టు సంతకం చేశాను.

మార్చి 29, సాయంత్రం
మళ్లీ వెళ్లాను. మొక్కలు పీకి, గచ్చు మీద చేత్తో తడిమితే రింగు దొరికింది. తుప్పు పట్టింది గానీ గట్టిగానే ఉంది.
తాళం వేశాను. మలుపు దాకా వచ్చి, వెనక్కి వెళ్లాను. రెండుసార్లు లాగి చూశాను.