బెగిమై చెప్పిన పన్నెండు బొమ్మలు

డాక్టర్ సాయికల్ గారికి,

ప్రశ్న ముందే తెలిసినవాడు చెప్పిన జవాబును మీరు జ్ఞాపకం అంటారా?

మూర్ఛలు తగ్గించడానికి నా చెల్లెలు బెగిమై మెదడులో కొంత భాగం తీసేయాలనుకున్నారు. మొన్న జబ్బున్న సగాన్ని మందుతో నిద్రపుచ్చి పన్నెండు బొమ్మలు చూపించారు. తర్వాత అడిగితే అన్నీ చెప్పింది. మిగిలిన సగమే జ్ఞాపకాన్ని మోయగలదని మీరు సంతోషించారు. అది అబద్ధం. ఆమెకంటే ముందు పరీక్షకు వెళ్లొచ్చిన రోగి దగ్గర ఆ బొమ్మల పేర్లు నేనే రాబట్టాను. మన పిల్లలకు ఏడు తరాల తాతల పేర్లు నేర్పినట్టు జీను, తాళం, టీ కాచే సమోవర్ అంటూ పది రోజులు వల్లె వేయించాను.

"నీ ప్రసంగాలకంటే ఇదే నయం అన్నా, పన్నెండు ముక్కల్లో అయిపోతుంది" అని నవ్వింది.

పరీక్ష తప్పితే ఆపరేషన్ చేయరని, మూర్ఛొచ్చి మళ్లీ రొట్టెల పొయ్యి మీద పడి కాలిపోతుందని భయపడ్డాను. తూకంలో మోసం చేసేవాడికి నాశనమేనని ప్రతి శుక్రవారం మసీదులో జనం మీద నిప్పులు కురిపించే నేనే తూకం మార్చాను.

ఈ ఉదయం ఆ పేర్లు అడిగితే గడగడా చెప్పింది. ఆ వెంటనే, "అన్నా, నా బాబు ఎవరి దగ్గరున్నాడు?" అంది.

"అమ్మ దగ్గరని ఇప్పుడే కదే చెప్పాను!"

"ఎప్పుడు చెప్పావ్? ముల్లాగారు కూడా అబద్ధాలాడతారా?"

మళ్లీ పరీక్షిస్తే తప్పుతుంది. ఆపరేషన్ ఉండదు, మూర్ఛలు పోవు. ప్రార్థనకు కూడా నాకు నోరు రావడం లేదు. కానీ రేపు ఆ భాగం తీసేస్తే, ఉన్న ఆ కాస్త జ్ఞాపకమూ పోయి, కొడుకు వచ్చి వెళ్లినా మరుక్షణం ఆమెకు గుర్తుండదు. ఇది చదవగానే లేవండి. ఇవాళే, ఆమె తల గొరగకముందే, ఆపరేషన్ ఆపించండి.