మాతెవ్జ్ గోడ, నా మంచం

నెజా తల్లీ,

పాపాయి మంచం రంగు గోడతో అచ్చంగా కలిసింది చూడు. కంటిచూపుతోనే కలిపాను. మన ఊళ్లో ఇంకెవడి వల్లా కాదు. కిటికీ తెరిచే ఉంచు. వాసన పోయేదాకా పాపను నీ పక్కనే పడుకోబెట్టుకో.

క్రాన్ సంతలో కొన్న పాత మంచమని మీ మామగారు మాతెవ్జ్ మూతి విరిచాడుగా! "గోడకు కలవకపోతే కొత్తది నేనే తెస్తాలే, బావగారూ" అన్నాడు. గదికి రంగు వేశాడని వచ్చినవాళ్లంతా ఆయన్నే పొగుడుతుంటే నాకు కడుపు మండదా? పాప గోడ మీద పడుకుంటుందా?

రంగు వేస్తుంటే మన తేనెటీగల దండంతా వచ్చి మంచం మీద వాలింది, తమ తేనెపెట్టె అనుకుని!

సరే, నిజం చెబుతాను. మొదట తేనెపెట్టెలకు వేసే నీలం వేశాను. గోడ పక్కన అది ఏడుపు మొహంలా కనిపించింది. గీకేసి, మాతెవ్జ్ దగ్గరికే పోయి గోడకు వేయగా మిగిలిన రంగు డబ్బా అడిగాను. నా నడుము వంగదని మంచం కాళ్లకు తనే రంగు వేశాడు. అదే ఇంకా మంట.

పాప ఇంటికి వచ్చిందని, మన ఆనవాయితీ ప్రకారం, తేనెటీగలకు చెప్పి వస్తాను.

నాన్న

దండు రాలేదులే. ఒక్కటే వచ్చింది, అదీ మాతెవ్జ్ రంగుకే అతుక్కుంది. విడిపించి పంపాను. మంచం తలవైపు దాని కాళ్ల గుర్తు ఉంది, చెరపకు. రంగు ఆయనదే గానీ, ఆ తేనెటీగ నాది.