మొదటి బుట్ట

ప్రియమైన రోసెల్ అక్కకి,

నీ బిడ్డ పుట్టి అయిదు నెలలైనా చూడటానికి రాలేదని నీకు కోపంగా ఉండుంటుంది. ఎందుకు రాలేదో ఇవాళ చెప్పేస్తాను.

కాలిస్తేనే బుట్టలల్లే చువ్వలొస్తాయని నెటీ అత్త చెప్తే, కొండవాలు మీది హేజెల్ పొదలకి నేనే నిప్పంటించాను, గుర్తుందా? "అంతా బూడిదైపోయింది కదత్తా!" అంటే అత్త, "నోర్మూసుకుని చూడవే పిచ్చిదానా! తల కాలింది గానీ వేరు కాలిందా?" అంది. రెండో వసంతానికి వెళ్ళి చూద్దును కదా, ఆ నల్లటి నేలలోంచి కొమ్మా రెమ్మా లేకుండా, ఒక్క వంకరన్నా లేకుండా, నా భుజమంత ఎత్తున చువ్వలు! అంత మంట తిన్న పొదకి ఇంత నున్నటి చువ్వలెలా వచ్చాయో ఇప్పటికీ అర్థం కాదక్కా. మొక్కాలనిపించింది.

ఆ చువ్వలే వలిచి, ఎండబెట్టి, నా కడుపులో బిడ్డ కోసం, కూర్చోబెట్టి వీపున మోసే బుట్ట మొదలుపెట్టాను. మనిద్దరికీ ఒకే నెల అని ఎంత నవ్వుకున్నాం! నీ లీటా పుట్టగానే ఏడ్చింది. నా బిడ్డ ఏడవలేదు.

చాన్నాళ్ళు బుట్ట ముట్టలేదు. చలికాలంలో చేతులు ఊరుకోక పూర్తి చేశాను. ఇప్పుడు ఊరంతా ఒకటే పోరు: "మొదట అల్లిన బుట్ట ఉంచుకోకూడదు, ఇచ్చెయ్యాలి. అక్క కూతురుండగా ఇంకెవరికిస్తావే?" ఆనవాయితీ నాకూ తెలుసు. కానీ నేనివ్వనక్కా. అందులో ఇంకో బిడ్డ కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే చూడలేను. ఏమైనా అనుకో.

నీ చెల్లెలు,
ఎల్వినా

ఎల్వినా, నా తల్లీ,

ఉంచుకో. ఎవరైనా నోరెత్తితే నా దగ్గరికి పంపు.

నువ్వడగకపోయినా ఒకటి చెప్తాను. మా అత్తగారు "బుట్ట లేని పిల్లేమిటే, మనకంత గతిలేదా?" అని రోజూ దెప్పుతోంది. ఆవిడ తెచ్చిన బుట్ట వద్దన్నాను. నీ బిడ్డ బుట్ట ఎక్కకుండానే పోయింది. నా బిడ్డని దర్జాగా ఇంకెవరి బుట్టలోనో ఎలా కూర్చోబెట్టనే? పుట్టినప్పటి నుంచీ చంకనే మోస్తున్నాను. చేప కోసినా, వంట చేసినా ఒంటి చేత్తోనే. చేతులు పడిపోతున్నాయి. బుట్ట తేవద్దు. నువ్వు రా, కాసేపు దీన్నెత్తుకో.

నీ అక్క,
రోసెల్

అక్కా,

అయిదు నెలలు చంకనే మోశావా? నీకు మతిగాని పోయిందా!

శనివారం బండికి వస్తున్నాను. బుట్ట తెస్తున్నాను. లీటాని అందులో నా చేతులతో నేనే కూర్చోబెడతాను. అప్పుడు ఏడుస్తాను. ఊరుకోబెట్టకు.

నీ ఎల్వినా