పళ్ళెం ఖాళీగా పంపకూడదని

బందరు,
జూలై 9, 2024.

ప్రియమైన సత్యవతి పిన్నికి,

నమస్కారాలు. క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన ఎండుచేపల మూట పుణ్యమా అని బస్సులో నా పక్క సీటు బందరు దాకా ఖాళీగానే ఉంది. హాయిగా కాళ్ళు చాపుకుని వచ్చాను.

ఫోన్ చేస్తే మీకు వినపడదు. మీ అబ్బాయి అయ్యప్ప ఫోనుకి మెసేజ్ పెడితే అది మీ దాకా చేరదు. "ఐదో తరగతి చదివానే, ఉత్తరం రాయి" అన్నారుగా, అందుకే ఇది.

గుల్లలదిబ్బలో ఆ మూడు రోజులూ మర్చిపోలేను పిన్నీ. మంచినీళ్ళ పథకం ఎలా నడుస్తోందో చెప్పాల్సింది ఆఫీసర్లు కాదు, ఆ నీళ్ళు తాగేవాళ్ళు అని మేం ట్రైనింగుల్లో తెగ చెప్తుంటాం. మీ అరుగు మీద దాన్ని కళ్ళారా చూశాను. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు, మనిషికి పది చింతపిక్కలు. ఫిల్టర్ ప్లాంటుకి పదికి ఎన్నిస్తారో అన్ని పళ్ళెంలో వేయమన్నాను. మూడొందల పదీ పళ్ళెంలోనే పడ్డాయి! మా గోవర్ధనరావు సార్ ఆ పళ్ళెం ఫొటోని రిపోర్టు అట్ట మీద వేయించారు. ప్లాంటు పెట్టించిన దాత కంపెనీ వాళ్ళకి కూడా చాలా నచ్చిందట.

మీ కోడలు మాధవికి వేవిళ్ళు తగ్గాయా? మూడో నెల కదా, బరువులు మోయనివ్వకండి. బాబాయి గారికి నమస్కారాలు చెప్పండి.

మీ అమ్మాయి లాంటి
గాయత్రి

గుల్లలదిబ్బ,
ఆగస్టు 20.

అమ్మాయి గాయత్రికి పిన్ని దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. మూట సంగతి చదివి మీ బాబాయి వల అల్లడం ఆపి మరీ నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో.

మొన్న కంపెనీ వాళ్ళు కార్లేసుకుని వచ్చారు. నాకేమీ వినపడలేదు గానీ అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. నా మెడలో దండ వేసి, ప్లాంటు తాళాలు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక మాధవి పలక మీద రాసి చూపిస్తే అసలు సంగతి తెలిసింది. మన ఊరు పాసైపోయిందట. ప్లాంటు బ్రహ్మాండంగా ఆడుతోంది గనక ఇక మమ్మల్నే నడుపుకోమన్నారట, వాళ్ళు వేరే ఊరు చూసుకుంటారట. ఇదేం చోద్యమే తల్లీ! పాసైన పిల్లని బడి మానిపిస్తారా ఎక్కడైనా?

నిజం చెప్పమంటావా? ఆ ప్లాంటు వారానికి రెండు రోజులు ఆడితే గొప్ప. మిగతా రోజులు బోరు నీళ్ళే, ఉప్పు కషాయం. మరి పదికి పది ఎందుకేశారంటావు. నువ్వు ఆడపిల్లవు. మా గడప తొక్కావు, మాతో కలిసి తిన్నావు, పళ్ళెం పట్టుకుని ఎదురుగా కూర్చున్నావు. ఆడపిల్లని ఖాళీ పళ్ళెంతో పంపుతారా ఎవరైనా? అందులోనూ మీ సారు గుంజకి చేరగిలబడి చూస్తున్నాడాయె. తక్కువ పడితే నీ ఉద్యోగానికి ఏం మాటొస్తుందోనని ముందురోజే అందరం అనుకున్నాం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ మార్కులు నీకనుకున్నామే గానీ ప్లాంటుకని ఎవరనుకున్నారు!

ఏదో ఒకటి చెయ్యి. మాధవికి నాలుగో నెల నిండుతోంది.

నీ పిన్ని
సత్యవతి

బందరు,
సెప్టెంబరు 2.

ప్రియమైన పిన్నికి,

మీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. మీ మీద కాదు, నా మీద.

సార్‌ని ఎదురుగా నిలబెట్టుకుని మనసులో మాట చెప్పమన్నాను. పొద్దున్నే గంపలెత్తుకుని చేపలమ్మకానికి వెళ్ళిపోయిన వాళ్ళని అడగనే లేదు. మీకు వినపడదని తెలిసి కూడా గట్టిగా అరిచానే తప్ప ఒక్క ముక్క రాసి చూపించలేదు. అందరూ వేస్తుంటే మీరూ వేశారు. దానికి నేను మురిసిపోయాను. ఎనిమిదేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాను, సిగ్గుగా ఉంది.

సార్‌తో పోట్లాడాను. "అచ్చయిన రిపోర్టుని నీ కోసం మారుస్తారా గాయత్రీ?" అన్నారు. నేను వదల్లేదు. చివరికి ఒప్పుకున్నారు. దసరా లోపల మళ్ళీ వస్తాను, ఈసారి సరిగ్గా అడుగుతాను. నిజం తెలిస్తే కంపెనీ వెనక్కి వస్తుంది. నన్ను నమ్మండి.

మాధవిని జాగ్రత్తగా చూసుకోండి.

ప్రేమతో,
గాయత్రి

గుల్లలదిబ్బ,
అక్టోబరు 24.

గాయత్రికి దీవెనలు.

దసరా వెళ్ళింది, దీపావళి వస్తోంది. నీకు పని ఎక్కువై ఉంటుంది, అది నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

ప్లాంటు పూర్తిగా ఆగిపోయింది. లోపల జల్లెడ లాంటిదేదో ఉప్పు పట్టి మూసుకుపోయిందట. కొత్తది వేయించడం మా ఆడవాళ్ళ గ్రూపు వల్లయ్యే పని కాదు. బోరు నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. మీ బాబాయి టీ మానేశాడు. మానడంటే మానడు అనుకున్న మనిషి.

మాధవికి ఆరో నెల. పాదాలు పొంగి చెప్పులు పట్టడం లేదు. అవనిగడ్డలో డాక్టరమ్మ బి.పి. చూసి నా మొహం చూసింది. ఉప్పు మాన్పించాలమ్మా అని కాగితం మీద రాసిచ్చింది. కూరలో మానేశాం. పచ్చడి మానేశాం. ఎండుచేప వాసన కూడా చూడనివ్వడం లేదు. నీళ్ళలో ఉప్పు ఎలా మానాలో ఆవిడ రాయలేదు. అయ్యప్ప ఒడ్డునుంటే నాగాయలంక వెళ్ళి మంచినీళ్ళ క్యాను తెస్తాడు. వేటకెళ్తే నాలుగైదు రోజులు రాడు. ఆ నాలుగైదు రోజులూ ఈ పిచ్చిది దాహాన్ని ఓర్చుకుంటుంది. గ్లాసు నోటికి పెట్టబోతే మొహం తిప్పేసుకుంటుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అందుకే అడుగుతున్నాను. తొందరగా రా తల్లీ. రోజు చెప్తే ఊరందర్నీ నేను కూర్చోబెడతాను.

నీ పిన్ని
సత్యవతి

బందరు,
నవంబరు 24.

ప్రియమైన సత్యవతి పిన్నికి,

మీ ఊరి నుంచి వచ్చి మూడు రోజులైంది. ఇంకా ఆ సాయంత్రంలోనే ఉన్నాను. ఆలస్యంగా వచ్చినందుకు మీరు తిడతారనుకున్నాను, తిట్టలేదు. థాంక్స్ పిన్నీ.

ఈసారి సార్‌ని రానివ్వలేదు. గంపలు దిగి అందరూ ఇళ్ళకి చేరాకే కూర్చున్నాం. ప్రతి ప్రశ్నా బొమ్మ గీసి, పెద్దక్షరాలతో రాసి చూపించాను. ఎవరెన్ని వేశారో పక్కవాళ్ళకి కనపడకుండా మూతి చిన్నదైన కుండ పెట్టాను. పదికి రెండు కూడా పూర్తిగా రాలేదు! ఇంత తక్కువ మార్కులకి ఇంత సంతోషపడటం నా జన్మలో ఇదే మొదలు. ముప్పై ఎనిమిదిమంది, ఒక్కరు కూడా ఏమీ దాచలేదు.

మీరు మాత్రం అరుగెక్కకుండా దూరంగా కూర్చున్నారు. మిగతావాళ్ళని మాట్లాడనివ్వాలని కాబోలు, మీది పెద్ద మనసు. ఇంట్లో ఈ నీళ్ళు తాగేవాళ్ళు ఎందరో అన్ని పిక్కలు విడిగా పళ్ళెంలో వేయమంటే ఐదు వేసి, మళ్ళీ ఒకటి తీసేశారు. "బాబాయికి టీతో పాటు నీళ్ళు కూడా మాన్పించేశారా?" అని ఏడిపించాను. మీకు వినపడినట్టు లేదు. మాధవి పడుకుందన్నారు, లేపొద్దన్నాను. బయల్దేరేటప్పుడు నాకు బొట్టు పెట్టడం కూడా మర్చిపోయారు. పోనీలెండి, ఈసారికి వదిలేస్తున్నాను.

రిపోర్టు పంపేశాను. ఇక మంచి కబురే.

మీ
గాయత్రి

బందరు,
జనవరి 30, 2025.

పిన్నీ,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. మాధవికి నెలలు నిండి ఉంటాయి. అయ్యప్ప ఫోన్ ఎత్తడం లేదు. ఒంట్లో అందరికీ బాగానే ఉందా?

చెప్పడానికి నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను. కంపెనీ నుంచి జవాబొచ్చింది. ప్రజలే బాగాలేదన్నారు గనక, వాళ్ళ అభిప్రాయాన్ని గౌరవించి ఈ పథకాన్ని విఫలమైన వాటిలో చేర్చి ఫైలు మూసేశామని రాశారు. పనిచెయ్యని దాని మీద మళ్ళీ ఖర్చు పెట్టడం వాళ్ళ రూల్సులో లేదట. సార్ ఆ కాగితం నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు. తిట్టుంటే బాగుండేది.

వేరే దాతల్ని అడుగుతున్నాను. ఊరికే ఉండను పిన్నీ. ఒక్క ముక్క రాయండి.

గాయత్రి

గుల్లలదిబ్బ,
ఫిబ్రవరి 16.

గాయత్రికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి.

మాధవి బిడ్డ పోయాడు. నువ్వు మా ఊరు రావడానికి ఐదు రోజుల ముందు. పొద్దున్నే కళ్ళు మసకలంది, అంతలోనే ఫిట్స్ వచ్చాయి. అవనిగడ్డ నుంచి బందరు తీసుకెళ్ళమన్నారు. మగపిల్లాడు, ఏడో నెల. గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. నాకు వినపడదు గనక ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాసేపు జోకొట్టాను కూడా. మొహం చూశాక తెలిసింది.

రెండు రోజులు మీ ఊళ్ళోనే ఉన్నాం. నీకు ఫోన్ చేస్తానని అయ్యప్ప అన్నాడు, నేనే వద్దన్నాను. తెలిస్తే మీటింగు ఆపేస్తావు, మళ్ళీ ఎప్పటికో. రత్తయ్య కోడలు హారికకి అప్పుడు ఐదో నెల. దానికైనా నీళ్ళొస్తాయని ఊరందరి చేతా ఒట్టేయించాను, నీకు చెప్పొద్దని. మైల గనక దూరంగా కూర్చున్నాను. మైలచేత్తో నీకు బొట్టెలా పెడతాను? ఇంట్లో ఎందరం అంటే ఐదుగురం అనుకోవడం నెలల తరబడి అలవాటైపోయింది. చెయ్యి ఐదు వేసేసింది.

ఒక్కరూ ఏమీ దాచలేదని రాశావు. ముప్పై ఎనిమిదిమందిమీ దాచాం. లోపల మాధవి పాలు గడ్డకట్టి, జ్వరంతో, కొంగు నోట్లో కుక్కుకుని పడుకుంది. ఆ గది తలుపు వేసే ఉంది. నువ్వు నీ చార్టు ఆ తలుపుకే అంటించావు.

పదేస్తే బాగుందని వెళ్ళిపోయారు. రెండేస్తే బాగాలేదని వెళ్ళిపోయారు. ఎన్నేస్తే ఉంటారో మీ కంపెనీ వాళ్ళని అడిగి ఆ ఒక్కటీ చెప్పు, అన్నే వేస్తాం.

హారికని పెదపారుపూడిలో వాళ్ళ మేనత్త ఇంటికి పంపించేశారు. అక్కడ కాలవ నీళ్ళు తియ్యగా ఉంటాయట. మాధవిని ఎక్కడికైనా పంపుదామంటే కదలదు. పలక అటక మీద పెట్టేసింది. అది మాట్లాడుతోందో లేదో కూడా నాకు తెలియడం లేదు.

నీ మీద కోపం లేదని రాయడానికే కాగితం తీసుకున్నాను. నీ తప్పేమీ లేదని అయ్యప్ప అంటాడు, మీ బాబాయి అంటాడు. నేనూ అవునంటాను. దసరాకి వస్తానని కార్తీకంలో వచ్చావు, పెద్ద ఆఫీసుల్లో అలాగే అవుతుంది, నీ చేతుల్లో ఏముంది అని నాకు నేనే చెప్పుకుంటాను. ఇంత రాశాక చూసుకుంటే కోపం ఉంది. చాలా ఉంది. ఏం చెయ్యమంటావు.

సత్యవతమ్మ