మంట రంగు మారిన అద్దం

జూన్, శనివారం రాత్రి

పడమటి గది కిటికీకి, ఈ ఎడారి దేశంలో అల్ నహ్దా ఫ్లాటుకి వచ్చిన ఏడాది ఎండకి అడ్డంగా అంటించిన వెండి రంగు రేకు ఇవాళ ఊడింది. నాలుగేళ్ల తర్వాత! ఓనర్ చివరికి అద్దాలు మార్చడానికి ఒప్పుకున్నాడు. ఏది కావాలో మమ్మల్నే తేల్చమని రెండు నమూనాలిచ్చి మనిషిని పంపాడు.

రెండూ రెండేసి పలకల జంట అద్దాలే. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నల్లదే ఎండను ఆపుతుందని డ్యూటీ నుంచి మా వారు ఫోనులో ఒకటే పోరు. అది పెడితే పట్టపగలే దీపాలు వెయ్యాలి. ఇక రేకుకీ దానికీ తేడా ఏముంది?

అద్దాల మనిషిది జగిత్యాలట. నా మొహం చూసి జేబులోంచి లైటర్ తీశాడు. నల్లదాని ముందు వెలిగిస్తే, రెండు పలకల ముఖానికొకటి చొప్పున అందులో నాలుగు మంటలు కనిపించాయి, నాలుగూ పసుపే. తెల్లదాంట్లో మాత్రం నాలుగింట్లో ఒక మంట గులాబీ రంగులో ఉంది.

"గా రంగు మారిన కాడ కంటికి కనవడని పూత ఉంటదక్కా. వెలుగొస్తది, వేడి ఆగుతది. నల్లద్దం తానే కాగుతది. నేను చెప్పిన్నని మా ముదీర్‌కు చెప్పకు, నల్లదే అంటగట్టుమన్నడు."

తెల్లదే అన్నాను. ఓనర్ కాదంటే? ఆ ముదీర్‌కి, అదే వాళ్ల మేనేజరుకి, అనుమానం వస్తే, పాపం ఆ మనిషి...

అద్దం రావడానికి వారం పడుతుందట. అందాకా మళ్లీ రేకు అంటిద్దామని టేపు తెచ్చేసరికి, ఇన్నాళ్లూ హాల్లో చదువుకున్న మా అమ్మాయి చిన్ని తన బల్లను కిటికీ దగ్గరికి ఈడ్చేసుకుంది. ఏసీ మూలుగుతోంది, పిల్ల మెడంతా చెమట.

"వద్దమ్మా. ఇన్నేళ్లూ చప్పుడే విన్నాను, ఈ కిటికీలోంచి విమానం ఇవాళే చూశా."