పక్క పొలం తరఫున

అమ్మా,

నేను కులాసా, బెంగ కట్టిపెట్టు. రైతుల నీటి వాడకం మీద మేం చేస్తున్న పరిశోధనలో నిన్న నా మాట నెగ్గింది. ఎప్పుడు సమావేశం పెట్టినా కాలువ మొదట్లోవాళ్లు "అందరికీ అందుతున్నాయమ్మా" అంటారు, చివరివాళ్లు నోరు విప్పరు. అందుకని నిన్న గోదాములో అందరినీ కూర్చోబెట్టి కొత్త షరతు పెట్టాను. ఎవరి పొలం గురించి వాళ్లు మాట్లాడకూడదు, చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ల తరఫున చెప్పాలి. "ఇదేం పిల్లలాట!" అన్నారు మా పెద్దసారు. తూము పక్కనే పొలమున్న మీసాలాయనకి కాలువ చివర పొలమున్న దర్జీ ఆవిడ పేరొచ్చింది. "ఆవిడకేం, దివ్యంగా..." అంటూ లేచి, ఎదురుగా ఆవిణ్ని చూసి ఆగిపోయాడు. "నా చేనుకి రెండో తడి అయితేగానీ ఆవిడకి మొదటి తడి అందదు" అన్నాడు నెమ్మదిగా. ఈసారి వంతు చివర్నుంచి మొదలెడదామన్నదీ ఆయనే!

అటక మీద నా రబ్బరు బూట్లున్నాయి, బల్లులుంటాయేమో దులిపి మరీ తీసి ఉంచు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? ట్యాంకు మోటారు గురించి పైవాటా అన్నయ్య, కిందవాటా నాన్న ఇంకా ఎడమొహం పెడమొహమేనా? ఆదివారం నేనొస్తున్నానని ఇద్దరికీ చెప్పు. అన్నయ్య తరఫున నాన్న, నాన్న తరఫున అన్నయ్య మాట్లాడాలి. అంతకంటే ముందు ఇద్దరూ నీ తరఫున చెప్పాలి. మనింట్లో కాలువ చివర ఉన్నది నువ్వే కదా, వంతు అక్కణ్నుంచే మొదలు.

నీ చిన్నది